పెట్టెకు చెవి ఆనించిన మనిషి

నేను రాసిన కాగితాలకు జవాబు రాదు. ఇది కొత్త సంగతేమీ కాదు. ఇరవై ఏళ్లుగా తెలుగు పండితుడిగా పనిచేస్తూ పై ఆఫీసుకు పెట్టుకున్న అర్జీల నకళ్లన్నీ నా ట్రంకుపెట్టెలో వరసగా ఉన్నాయి. బడికప్పు కారుతోందని రాశాను. నల్లబల్ల మీద నలుపు పోయి సుద్దముక్క జారిపోతోందని రాశాను. హాజరుపట్టీలో నా పేరు అందరికన్నా కింద వేస్తున్నారని మూడుసార్లు రాశాను. ఒక్కదానికి జవాబు వచ్చి ఉంటే రెండోది రాసేవాణ్ని కాదు. నన్ను అర్జీల పంతులు అని వెక్కిరించేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు రాస్తున్నది అర్జీ కాదు. ఒక మనిషి గురించి. అయితే ఇందులోనూ అడగవలసింది ఒకటి ఉంది. చివర అడుగుతాను.

పోయిన నెల కరీంనగర్ నుంచి చొప్పదండి వైపు బస్సులో వస్తున్నాను. కండక్టరు టికెట్ చింపి ఇస్తూ నా మొహంలోకి వంగి చూశాడు.

“నమస్తే సార్. గుర్తువట్టిండ్రా? లచ్చయ్యను. మీ దగ్గర ఏడో తరగతి సదివిన.”

గుర్తుపట్టాను. సంధులు రాని పిల్లవాడు. అటువంటివాళ్లను నేను మర్చిపోను.

“మన రేడియో సారు పోయిండట గద సార్, ఆదిలాబాద్ దిక్కు ఇచ్చోడల. మొన్న నాకు గటు డ్యూటీ వడ్డది. ఆడ చెప్పిండ్రు.”

“ఎట్లా పోయాడు?”

“జరమొచ్చిందట. నాలుగొద్దులు పండుకున్నడట, గంతే.” లచ్చయ్య టికెట్ల కట్ట సర్దుకుంటూ అన్నాడు. “నాకైతె రేడియో అంటె గిప్పటికీ గా సారు గొంతే యాదికొస్తది. గంత మంచి రేడియో నేను మల్ల యాడ ఇనలే.”

ఈల ఊది వెనక్కి పోయాడు. నేను దిగవలసిన చోటు దాటిపోయింది. ఆపనందుకు అతన్ని ఏమైనా అనవలసింది. అనలేదు.

ఆ మనిషి పేరు ఇక్కడ రాయను. ఆయన పేరు నేను ఒక కాగితం మీద ఒకసారి రాశాను. ఆ ఒక్కసారి చాలు.

ఆయన మా బడిలో సైన్సూ లెక్కలూ చెప్పేవాడు. పెద్దపల్లి పక్క ఊరివాడు, వ్యవసాయం ఇల్లు. పొడుగు మనిషి, మెడ ఎడమవైపు కొంచెం వంగి ఉండేది, ఎవరో చెవిలో గుసగుసగా చెబుతుంటే వింటున్నట్టు. సైకిలుకు గంట లేదు. దారిలో ఎవరైనా అడ్డం వస్తే దగ్గేవాడు. ఆ దగ్గు విని మేకలు కూడా పక్కకు జరిగేవి. నన్ను ఏనాడూ ‘గారు’ అనలేదు. “ఏం పంతులూ, మల్ల కోపమా?” అనేవాడు, అందరి ముందూ. నాకు కోపం వచ్చిందో లేదో నేను చెప్పుకోవాలి గాని ఆయన అడగడమేమిటి?

ఇంకో మాట ఉండేది ఆయనకు, ‘అస్తది, జర ఆగుండ్రి’ అని. వాన గురించి అడిగినా, జీతం గురించి అడిగినా, ఊరికి రాని బస్సు గురించి అడిగినా అదే మాట. ఆ మాట మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు.

ఆయన చదువంతా ఉర్దూలో జరిగింది. ఆ రోజుల్లో ఉద్యోగం కావాలంటే అదే చదవాలి గనక వాళ్ల బాపు అందులో వేశాడు. ఉద్యోగం వచ్చాక రాజ్యం మారింది, బడి తెలుగులోకి మారింది. నిన్నటిదాకా ఒక భాషలో చెప్పిన పాఠాన్ని ఈరోజు ఇంకో భాషలో చెప్పమన్నారు. ఇంట్లో మాట్లాడే తెలుగు ఆయనకు వచ్చు. పుస్తకంలో తెలుగు రాదు. కూడబలుక్కుని చదివేవాడు. పిల్లల ముందు అట్లా చదవడం నామోషీ అని పుస్తకం తెరిచేవాడే కాదు.

ఒకనాడు బడి విడిచాక మా ఇంటి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. చేతిలో సన్నని నోటుబుక్కు.

“పంతులూ, నీతోని ఒక పనున్నది. హరారత్‌ను తెలుగుల ఏమంటరు?”

“ఉష్ణం.”

“కశిష్‌ను?”

“ఆకర్షణ.”

రాసుకుంటున్నాడు. నేను వంగి చూశాను. తెలుగు మాటలను ఉర్దూ అక్షరాల్లో, కుడి నుంచి ఎడమకు రాస్తున్నాడు. నాకు సహించలేదు.

“మా భాషను ఆ రాతలో రాసేటట్టయితే నేను చెప్పను. ముందు ఓనమాలు దిద్దుకొని రా,” అన్నాను.

“నలభై ఏండ్లొచ్చినయి పంతులూ. గిప్పుడు పలక వట్టుకుంటె పిల్లలు నవ్వరా?”

“నవ్వనీ.”

ఆయన నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. “అస్తది, జర ఆగు,” అని తనకు తానే చెప్పుకున్నట్టు అని సైకిలెక్కాడు. ఆ తర్వాత నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. ఈ సంగతి నేనే ఎందుకు రాస్తున్నానంటే, ఇంకెవరైనా చెబితే ఇంకోరకంగా చెబుతారు.

ఆ మరుసటి ఏడు బడికి రేడియో వచ్చింది. ఎడ్లబండి మీద, గడ్డి మధ్యలో కూర్చుని వచ్చింది. దాని వెంట ఇటుకంత బరువైన బాటరీ. ఊళ్లో కరెంటు లేదు గనక బాటరీయే దానికి ప్రాణం. కప్పు మీద రెండు వెదురుబొంగులు నిలబెట్టి వాటి మధ్య తీగ కట్టారు. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, మధ్యాహ్నం రెండున్నరకు హైదరాబాదు నుంచి బడిపిల్లల పాఠాలు వస్తాయన్నారు. మంగళ, శుక్రవారాల రెండున్నర నా వ్యాకరణం పీరియడు. నన్నెవరూ అడగలేదు.

అయినా నేను మర్యాద తప్పలేదు. ఆ యంత్రాన్ని స్వాగతిస్తూ నాలుగు పద్యాలు రాశాను. ప్రారంభం రోజున చదువుతానని హెడ్మాస్టరుకు ముందే చెప్పాను. ఆయన సరేనన్నాడు. ఆ రోజు పటేలు వచ్చాడు, ఊరంతా వచ్చింది. పద్యం ఎత్తుకుందామని నేను గొంతు సవరించుకునేసరికి పెట్టె మాట్లాడింది. అంతే, అందరూ అటు తిరిగారు. అయ్యాక చదవండి అన్నారు. అయ్యాక పుట్నాలూ బెల్లమూ పంచి వెళ్లిపోయారు. ఆ కాగితం కూడా నా దగ్గర ఉంది.

పిల్లలకు మొదటి రోజే ఒక చిక్కు వచ్చింది. సారు లోపలికి వస్తే లేచి నమస్తే చెప్పాలి. ఇప్పుడు ఎవరికి చెప్పాలి? పెట్టెను అప్పగించింది మా సైన్సు సారుకు గనక సగంమంది ఆయనకు చెప్పారు, సగంమంది పెట్టెకు చెప్పారు. ఆయన నవ్వి, “రెండు సార్లు చెప్పుండ్రి, పోయేదేమున్నది,” అన్నాడు. ఆనాటి నుంచి అదే ఆనవాయితీ అయింది.

అసలు చిక్కు రెండోది. పెట్టెలో మాట మంచిదే. నేనే ఒప్పుకుంటున్నాను, శుద్ధమైన తెలుగు, తప్పు పట్టడానికి ఒక్క అక్షరం దొరికేది కాదు. కాని ఆ తెలుగు పిల్లలకు ఎక్కలేదు. పైగా గొంతు సన్నగా, గాలివాన మధ్య ఎవరో పిలిచినట్టు వచ్చేది. వెనక బల్లలవాళ్లకు గరగర తప్ప ఏమీ అందేది కాదు. అప్పుడు ఆయన ఒక పద్ధతి పెట్టాడు. వాళ్లావిడ పాత చీరముక్కతో కుట్టిచ్చిన ముసుగు తీసి మడతపెట్టి, మీట తిప్పుతాడు. టక్. లోపలి గాజుబుడ్లు వేడెక్కడానికి అర నిమిషం పడుతుంది. “అస్తది, జర ఆగుండ్రి,” అంటాడు. నలభై మంది పిల్లలు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. నా పీరియడులో ఒక్కనాడు అట్లా కూర్చోలేదు. పాఠం మొదలుకాగానే ఆయన ఎడమ చెవి పెట్టెకు ఆనించి ఒక వాక్యం వింటాడు, తలెత్తి పిల్లలకు తన మాటల్లో చెబుతాడు, మళ్లీ చెవి ఆనిస్తాడు.

“ఏమంటుండంటె, నీళ్లు ఆవిరైతయి. గా ఆవిరయ్యేదాన్నే బాష్పీభవనం అంటరట. మల్లొక్కసారి అనుండ్రి. బా-ష్పీ-భ-వ-నం. మీ అవ్వ ఉతికిన చీర దండెం మీద ఆరుతది సూడు, గదే.”

పిల్లలతో పాటు ఆయనా ఆ మాట పలికేవాడు. పలికి, జేబులోంచి నోటుబుక్కు తీసి రాసుకునేవాడు. నన్ను అడగవలసిన మాటలు పెట్టెను అడిగాడు. అదీ నాకు తెలిసింది.

ఎనిమిది నెలలు గడిచాక బాటరీ నీరసించింది. గొంతు వారం వారం సన్నబడింది. ఆయన చెవి వారం వారం పెట్టెకు ఇంకా దగ్గరయింది. కొత్త బాటరీ కోసం హెడ్మాస్టరు కాగితం రాశాడు. జవాబు రాలేదు. ఆ ఒక్క విషయంలో హెడ్మాస్టరూ నేనూ సమానం. పైగా వాడకంలో లేని రేడియోను వెనక్కి తెప్పించి ఇంకో బడికి ఇస్తామని ఒక ఉత్తర్వు మాత్రం వచ్చింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే రేడియో పాఠం వేళ మారిందన్నాడు సైన్సు సారు. రెండున్నరకు కాదట, ఇక నుంచి నాలుగింటికట. మంగళ, శుక్రవారాల నాలుగు గంటలంటే పద్యాలు వల్లె వేయించే పీరియడు. అదీ నాదే. పోయిన రెండున్నర పీరియడైనా నాకు తిరిగి వచ్చిందా అంటే, హెడ్మాస్టరు దాన్ని డ్రిల్లుకు ఇచ్చాడు. ఒక మనిషికి ఇంతకన్నా అన్యాయం ఎట్లా జరుగుతుందో నాకు తెలియదు.

ఒక శుక్రవారం బడికి సెలవు పెట్టి పంచెల చాపు కోసం చొప్పదండి పోయాను. బట్టల దుకాణంలో సేఠ్ పెట్టుకున్న రేడియో మోగుతోంది. దాని కింద, గడప మీద, చెప్పులు విడిచి మా సైన్సు సారు కూర్చుని ఉన్నాడు. చెవి అటు పెట్టి, మోకాలి మీద నోటుబుక్కు ఆనించి, కుడి నుంచి ఎడమకు గబగబ రాస్తున్నాడు. సైకిలు బయట గోడకు ఆనించి ఉంది. టైము రెండూముప్పావు.

సేఠ్ నన్ను చూసి నవ్వాడు. “మీ సారు మంగళారం శుక్కురారం గిట్లనే అస్తడు పంతులుగారూ. ఒక్క చాపు కొనడు. ముచ్చట గూడ పెట్టడు. ఇనుడు, రాసుడు, ఉరుకుడు.”

ఆయన తలెత్తి నన్ను చూశాడు. చూసి, వేలు పెదవి మీద పెట్టుకున్నాడు. నన్ను రహస్యం దాచమన్నాడో, రేడియో వినబడటం లేదు మాట్లాడొద్దన్నాడో ఇప్పటికీ తేల్చుకోలేదు.

చాపు కొనకుండానే తిరిగి వచ్చి నాలుగింటికి తరగతి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన ముసుగు తీశాడు. మీట తిప్పాడు. టక్. “అస్తది, జర ఆగుండ్రి.” అర నిమిషం. చచ్చిన పెట్టెకు చెవి ఆనించాడు. తలెత్తాడు. “ఏమంటుండంటె...” అని మొదలుపెట్టాడు. పిల్లల్లో ఒక్కరు కదలలేదు. పెట్టె ఎప్పుడు ఆగిపోయిందో వాళ్లకు తెలియదు. వాళ్లకు మొదటినుంచీ వినిపించింది ఆయన గొంతే.

ఆ సాయంత్రం నేను అర్జీ రాశాను. నాలుగు పేజీలు. ఫలానా బడిలో రేడియో పనిచేయడం లేదు, ఫలానా ఉపాధ్యాయుడు పనిచేస్తున్నట్టు నటిస్తూ తెలుగు పీరియడులను వాడుకుంటున్నాడు, ఆ పీరియడులు నాకు ఇప్పించగలరు అని. అందులో ఒక్క అబద్ధం లేదు. ఆయన పేరు స్పష్టంగా రాశాను, సంతకం పెట్టాను. నాకు ఆయన మీద పగ ఏమీ లేదు. నా పీరియడు కావాలి, అంతే.

రెండు నెలలకు ఇన్స్పెక్టరు వచ్చాడు. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. మంగళవారం, నాలుగు గంటలు. మేమందరం తరగతి గోడవారన నిలబడ్డాం.

“రేడియో పెట్టండి మాస్టారూ,” అన్నాడు.

టక్. అర నిమిషం. నిమిషం. పెట్టెలోంచి ఈగ మోత కూడా రాలేదు. ఆయన ఆరోజు ‘అస్తది’ అనలేదు.

ఇన్స్పెక్టరు పిల్లల వైపు తిరిగాడు. “మీకు రేడియో వినిపిస్తుందా?”

ముందు బల్ల మీద రాజవ్వ అనే అమ్మాయి లేచింది. “సారుకు ఇనవస్తది సార్. సారు మాకు జెప్తడు.”

ఇన్స్పెక్టరు ప్రశ్నలు వేశాడు. తడిబట్ట ఎందుకు ఆరుతుంది, కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి, రాయి కిందికే ఎందుకు పడుతుంది. లచ్చయ్యతో సహా అందరూ చేతులెత్తారు. బాష్పీభవనం, గురుత్వాకర్షణ, నోరు తిరగని మాటలన్నీ తడబడకుండా చెప్పారు. నాకు సంధి చెప్పలేని నోళ్లు అవి.

“మాస్టారూ, ఈ పాఠాలు చెప్పింది మీరా, ఈ పెట్టెనా?” అన్నాడు ఇన్స్పెక్టరు.

‘నేనే’ అంటే ఆయనకు మెప్పు దక్కేది. పెట్టె అంటే మాట దాటిపోయేది. ఆయన మెడ ఇంకొంచెం వంచి నిలబడ్డాడు.

“సార్, నాకు సైన్సు వస్తది, దాని తెలుగు రాదు. రేడియోకు తెలుగు వస్తది, కని దాని బాస పిల్లలకు సమజ్ గాదు. ఇద్దరం కలిస్తె ఒక్క సారుమి. బాటరీ సచ్చిపోయినంక కూడ గట్లనే నడిపిచ్చిన. నడిపిచ్చకపోతె పెట్టెను గుంజుకపోతరు.”

తెలుగులో చెప్పే ఉద్యోగంలో ఉండి తెలుగు రాదని ఇన్స్పెక్టరు ముందు ఒప్పుకున్న మనిషిని నేను ఆయనొక్కణ్నే చూశాను. అది ధైర్యమో తెలివితక్కువతనమో చెప్పలేను.

ఇన్స్పెక్టరు తనిఖీ పుస్తకంలో చాలాసేపు రాశాడు. పుస్తకం మూసి హెడ్మాస్టరుకు ఇచ్చాడు. నాకు చూపలేదు. వెళ్లేటప్పుడు నా దగ్గర ఆగాడు. ఇప్పుడైనా నా పీరియడుల సంగతి ఎత్తుతాడనుకున్నాను.

“అర్జీలో మీ దస్తూరి చాలా బాగుంది పంతులుగారూ,” అన్నాడు. జీపెక్కాడు.

నాలుగు పేజీలకు అదీ జవాబు.

నెలన్నరకు సైన్సు సారుకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఇచ్చోడకు. ఆ రోజుల్లో ఆదిలాబాద్ అడవుల వైపు వేశారంటే శిక్ష అనేవాళ్లు. కాని పాఠం నచ్చి, అక్కడ మంచి మాస్టరు కావాలని ఇన్స్పెక్టరే వేయించుకున్నాడని కూడా అన్నారు. అదే ఉత్తర్వులో ఇంకా ముగ్గురి పేర్లున్నాయి, వాళ్లకు రేడియోతో ఏ సంబంధమూ లేదు. హెడ్మాస్టరును అడిగితే, “సర్కారు పని పంతులూ, అందరికైతయి,” అన్నాడు. తనిఖీ పుస్తకం అడిగితే బీరువా తాళం పోయిందన్నాడు.

ఆయన వెళ్లే రోజు బస్సు దగ్గరికి పోయాను. ఎందుకు పోయానో తెలియదు. సైకిలును బస్సు మీదికి ఎక్కించి తాడు కట్టి దిగుతున్నాడు.

“పంతులూ, పెట్టెను జర సూసుకో. బాటరీ అస్తది.”

“అర్జీ పెట్టింది నేనే,” అన్నాను.

“ఎర్కే.”

“ఎట్లా తెలుసు?”

చేతుల దుమ్ము దులుపుకొని నవ్వాడు. “గంత మంచి తెలుగు గీ చుట్టుపక్కల ఇంకెవలు రాస్తరు?”

బస్సు కదిలింది. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేను ఊపానో లేదో గుర్తు లేదు. ఆ మాట మెప్పా, ఎత్తిపొడుపా? అసలు ఆ తెలుగు మంచిదని ఆయనకెట్లా తెలుసు? చూస్తేనే కదా తెలిసేది. చూపించారా? చూపించి ఉంటే, కూడబలుక్కుని ఆ నాలుగు పేజీలూ చదివాడా? లేక నా తెలుగు ఎట్లా ఉంటుందో తెలుసు గనక ఊరికే అన్నాడా? ఏళ్ల తరబడి దీన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. ఏ వైపూ నిలవడం లేదు.

ఆయన బదిలీ మీద వెళ్లిన వారానికి కొత్త బాటరీ వచ్చింది. పెట్టె కంచుగంటలా మోగింది. వెనక బల్లల దాకా ప్రతి మాటా వినిపించింది. రెండు వారాలు తిరగకముందే పిల్లలు గోల మొదలుపెట్టారు. హెడ్మాస్టరు నన్ను పిలిచి, “మీకు తెలుగొస్తది గద, మీరు సమజాయించి చెప్పుండ్రి,” అన్నాడు. సరేనని పెట్టె పక్కన కూర్చున్నాను. చెవి ఆనించలేదు, అవసరం లేదు, స్పష్టంగానే వినిపిస్తోంది. ప్రతి మాటకూ అర్థం చెప్పాను, తప్పు లేకుండా చెప్పాను.

రాజవ్వ లేచింది. “సార్, ఎండల బట్ట ఆరుతది, సరే. నీడల ఎందుకారుతది?”

నాకు ఆ మాట తెలుసు. మాటకు అర్థం తెలుసు. నీడలో బట్ట ఎందుకు ఆరుతుందో తెలియదు.

“కూర్చో,” అన్నాను.

“గా సారైతె చెప్తుండె,” అని కూర్చుంది.

నెల తిరిగేసరికి పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశారు. నా పీరియడులు నాకు రాలేదు. ఒకటి డ్రిల్లుకు, ఒకటి తోటపనికి పోయాయి. ఇప్పుడు కొత్త బడులకు ఇంకా మంచి రేడియోలు ఇస్తారట, గోడ మీద బొమ్మలు ఆడించే యంత్రాలు కూడా వస్తాయట. వస్తే మంచిదో చెడ్డదో నన్ను అడగకండి. మోగిన పెట్టె దగ్గర పిల్లలకు ఏమీ రాలేదు. మోగని పెట్టె దగ్గర అన్నీ వచ్చాయి. అది లేకుండా ఆయన లేడు, ఆయన లేకుండా అది లేదు. ఇంతకన్నా నాకు తెలియదు.

ఇక అడగవలసింది అడుగుతాను. పై ఆఫీసులో ఆ ఏటి కాగితాలు చూసేవారు ఎవరున్నా సరే, ఇది మీకే.

ఇరవై ఏళ్లలో నేను పెట్టిన అర్జీలు మీరెవరూ చదవలేదని తిట్టుకుంటూ వచ్చాను. ఆ ఒక్కదాన్ని చదివారా? దాని వల్లనే ఆయన్ను ఇచ్చోడకు పంపారా? చదవలేదంటే చదవలేదని రాయండి. మిగతావన్నీ చదవనందుకు కూడా ఇక మిమ్మల్ని ఏమీ అనను. చదివామంటే అదీ రాయండి, ఓర్చుకుంటాను. ఆయన్ను అడగడానికి ఇప్పుడు వీలు లేదు. మీరున్నారు.

ఈ ఒక్క కాగితానికి జవాబు రాయండి. దస్తూరి గురించి కాదు.